మైకు మీద పెడచెయ్యి

నల్లపాడు కరుణాకర్ ఇరవై ఏళ్ళుగా ఒక రాక్ బ్యాండులో లీడ్ గిటారిస్టు. మిగతావాళ్ళు బూట్లేసుకుని స్టేజీ ఎక్కితే, అతను మాత్రం రబ్బరు చెప్పులతో ఎక్కుతాడు. అంతకుముందే జనరేటర్ వెనక్కి వెళ్ళి, కరెంటు భూమిలోకి దిగేలా ఎర్త్ రాడ్డు పాతినచోట సీసాడు నీళ్ళు పోసి వస్తాడు. ఆ తర్వాత ఎడమచేత్తో గిటారు తీగలు పట్టుకుని, షాకు కొడుతుందేమో చూడ్డానికి కుడిచేతిని పెడగా తిప్పి మైకుకి ఆనిస్తాడు. అరచెయ్యి ఆనిస్తే కరెంటు వదలదు. పన్నెండేళ్ళ కిందట పాటగాడు ఏసుబాబు మైకు పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. పాటలో మునిగాడనుకుని కరుణాకర్ సోలో ఇంకాస్త పొడిగించాడు. సోలో అయ్యేసరికి ఏసుబాబులో ప్రాణం లేదు. జనానికి ఇదంతా తెలియదు. ఆ పెడచెయ్యి స్టైలనుకుని ఈలలేస్తారు.

మొన్న సత్తెనపల్లిలో వాన వెలిసిన సాయంత్రం, మైకుకి ఆనించగానే చెయ్యి జివ్వుమంది. "ఆగమ్మా మహిమా, ముట్టుకోకు" అన్నాడు, పాడే అమ్మాయితో. సౌండువాళ్ళు వైర్లు మార్చి, "ఇప్పుడేం లేదండీ, కానివ్వండి" అన్నారు. మళ్ళీ ఆనించాడు. చెయ్యి వణికింది. అది కరెంటో, తన భయమో అతనికి తేలలేదు. "పాడనా అన్నా?" అంటూ మహిమ మైకు మీదికి వంగింది.