బ్రాకెట్లు బిగించడం నేర్పాను

వైమానిక దళంలో హెలికాప్టర్ మెకానిక్‌గా ఇరవై ఏళ్లు చేసి బయటికొచ్చాక, విశాఖపట్నం శివార్లలో ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. మాది పెదబయలు పక్కన కొండమీది ఊరు. నెలకోసారైనా అమ్మను చూసిరావచ్చని ఆ ఉద్యోగం ఒప్పుకున్నాను. ఎక్కడో వాడి పక్కన పెట్టేసిన విదేశీ హెలికాప్టర్లను తెప్పించి, విప్పి, బాగుచేసి, అడిగిన దేశానికి అమ్మడం ఆ కంపెనీ వ్యాపారం. ఆ ఏడాది మేం బాగుచేసినవి ఒక చిన్న దేశానికి వెళ్లాలి. దాని పేరు ఇక్కడ రాయను. అక్కడ ప్రభుత్వానికీ, కొండల్లోని తిరుగుబాటుదారులకీ చాలా ఏళ్లుగా యుద్ధం నడుస్తోంది.

కాగితాల మీద అవి మందులూ, రోగులూ మోసే హెలికాప్టర్లు. అందుకని రెండు పక్కలా రాకెట్లు తగిలించే బ్రాకెట్లను విప్పేశాం. విప్పినవాటిని పారెయ్యలేదు. గ్రీజు రాసి, గుడ్డ చుట్టి, చెక్కపెట్టెల్లో సర్ది, పైన 'విడిభాగాలు' అని రాశాం. ఆ పెట్టెలకు మేకులు కొట్టింది నేనే. అవి దేనికో నాకు తెలుసు. షెడ్డులో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు, నేనూ అనలేదు.

పని నేర్చుకోవడానికి ఆ దేశం నుంచి నలుగురు మెకానిక్కులు వచ్చారు. ముగ్గురు పట్నంవాళ్లు, వాళ్లలో వాళ్లే ఉండేవారు. నాలుగో అతనికి ముప్పై అయిదేళ్లుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. నన్ను 'మాస్టర్' అని పిలిచేవాడు. నాది మిలటరీ ఇంగ్లీషు, అతనిది పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నది. ఇద్దరం మెల్లగా మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు టీ తాగుతూ ఫోన్లో తన ఊరు చూపించాడు. కొండలు, మంచు, వాలులో కాఫీ తోటలు. నేనూ మా ఊరి ఫోటో తీసి చూపించాను. అతను రెండు ఫోన్లూ బల్లమీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

ఆ ఆదివారం అతన్ని మా ఊరు తీసుకెళ్లాను. కాఫీ పళ్లు కోసే రోజులు. అమ్మ తోటలోనే ఉంది.

"ఎవుల్రా ఈ బావు?" అంది.

"నా దగ్గర పని నేర్చుకుంటున్నాడమ్మా. వేరే దేశం."

అతను ఎవరూ చెప్పకుండానే బుట్ట అందుకుని కొమ్మ వంచాడు. ఎర్రగా పండినవే, కాడ కొమ్మకే వదిలేసి, మునివేళ్లతో తిప్పి కోస్తున్నాడు. అమ్మ కాసేపు అతని చేతులవైపు చూసి, "పని తెలిసినోడే. ఆళ్లమ్మ నేర్పినట్టుంది," అంది. ఆ మాట చెబితే అతను నవ్వి, అవునన్నాడు. వాళ్లమ్మకు అరవై దాటాయట, ఇప్పటికీ ఆమే కోస్తుందట.

మధ్యాహ్నం అడ్డాకుల్లో సామ అన్నం, కందిపప్పు పెట్టింది. అతను రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తిన్నాక అమ్మ అడిగింది.

"ఏటి పని నేర్చుకుంతన్నాడ్రా?"

"హెలికాప్టర్లు బాగుచెయ్యడం."

అమ్మ ఎత్తుతున్న ఆకులు మళ్లీ కింద పెట్టింది. "నువ్వు హాస్టల్లో సదువుకునేటప్పుడు మన కొండలమీదికి ఒకటొచ్చీది. పోలీసోళ్లదన్నారు. ఆ సప్పుడు ఇనగానే నీ సెల్లిని సంకనేసుకుని పనస సెట్టు కిందకి ఎల్లిపోయీదాన్ని. అదేటీ సేసీది కాదు. తిరిగీది, ఎల్లిపోయీది. అయినా ఆ సప్పుడు ఆగీదాక బయటికి రాకపోయీదాన్ని. ఇయ్యి అలాటియ్యి కాదు గదా?"

"కాదమ్మా. మందులు మోసేవి."

"ఏమంటున్నారు?" అని అతను అడిగాడు.

"నువ్వు బాగుచేసేవి మందులు మోసే హెలికాప్టర్లేనా అని అడుగుతోంది."

అతను నావైపు చూశాడు. తర్వాత అమ్మవైపు తిరిగి తల ఊపాడు.

తిరిగి వస్తుంటే ఘాట్ రోడ్డులో బస్సు కిటికీవైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక, "మా లోయలో తిరుగుబాటుదారులు లేరు, మాస్టర్. వీటిని మావైపు పంపరు," అన్నాడు. నేను అడగలేదు. అయినా చెప్పాడు. నాకూ నమ్మాలనిపించింది, నమ్మాను.

శిక్షణ చివరి వారంలో మేనేజరు నన్ను పిలిచి, "పెట్టెల్లో ఉన్నవి ఎలా బిగించాలో కూడా చూపించెయ్యండి," అన్నాడు. అంతే మాట. మర్నాడు షెడ్డు తలుపులు మూసి, ఒక బ్రాకెట్ పైకి తీసి, నలుగురికీ చూపించాను. పట్నంవాళ్లు ముగ్గురూ గబగబా రాసుకున్నారు. అతను మాత్రం బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో అంత శుభ్రంగా చేసినవాడు ఇంకొకడు లేడు. ఆ రోజు నాకు గర్వంగా కూడా అనిపించింది. అది దాచుకుని లాభం లేదు.

వాళ్లు వెళ్లిపోయారు. హెలికాప్టర్లూ, పెట్టెలూ ఓడలో వెళ్లాయి. మూడు నెలలకు అతని దగ్గర్నుంచి వీడియో కాల్ వచ్చింది. బ్రాకెట్లు తగిలించాక గాల్లో హెలికాప్టర్ వణుకుతోందట, పైలట్లు ఎక్కబోమంటున్నారట. ఫోన్ దగ్గరగా పెట్టి చూపించమన్నాను. లోపం నిమిషంలో కనబడింది. ఒకచోట పల్చటి రేకు వెయ్యాలి. చెప్పాను. ఎందుకు చెప్పానని తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. చెడిపోయిన యంత్రం కంటిముందు పెడితే బాగుచెయ్యకుండా ఉండలేని అలవాటు. నా దగ్గర అంతకంటే మంచి జవాబు లేదు. ఆ రాత్రికే 'సరిపోయింది, థాంక్యూ మాస్టర్' అని మెసేజ్ పెట్టాడు.

తర్వాత రెండు వారాలకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నేను అరకు సంతలో ఉన్నాను, అమ్మకు దుప్పటి కొంటున్నాను. పక్కకు వెళ్లి చెవి దగ్గర పెట్టుకున్నాను. అతను గొంతు పైకెత్తలేదు, ఏడవలేదు.

"మాస్టర్, నిన్న పొద్దున్న రెండు హెలికాప్టర్లు సిద్ధం చేశాను. ఎటు వెళ్తాయో మాకు చెప్పరు. మా లోయకు వెళ్లాయి. కాఫీ ఎండబెట్టే కళ్లాల దగ్గర జనం పోగయి ఉన్నారు. వాళ్లను తిరుగుబాటుదారులనుకున్నారు. మా అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. నన్ను వెళ్లనివ్వడం లేదు. అవి కొంచెమైనా వణకలేదని పైలట్ నా భుజం తట్టాడు."

అక్కడితో అయిపోయింది. వెంటనే ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మర్నాటి నుంచి మోగడం కూడా లేదు. మిగతా ముగ్గురికీ మెసేజ్ పెట్టాను. ఇద్దరు చూసి ఊరుకున్నారు. మూడో అతను, 'ఆ మనిషి మా దగ్గర లేడు' అని మాత్రం రాశాడు. బదిలీయో, జైలో, ఇంకేమిటో తెలియలేదు.

సోమవారం మేనేజరుకు ఆ వాయిస్ మెసేజ్ వినిపించాను. ఆయన చెడ్డవాడు కాదు. మొత్తం విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మనం అమ్మింది రవాణా హెలికాప్టర్లండీ," అన్నాడు.

"పెట్టెలకు మేకులు కొట్టింది నేను సార్."

"రెండో విడతకు ఒప్పందం అయిపోయింది. మీకు కష్టంగా ఉంటే సెలవు పెట్టండి."

నేను మానేశాను. కాగితం మీద 'సొంత కారణాలు' అని రాశాను. ఎవరికైనా ఫిర్యాదు చెయ్యాలని ఒక ఉత్తరం మొదలుపెట్టాను. ఆ బ్రాకెట్లు ఎలా బిగిస్తారో ఎవరు నేర్పారని అడిగితే నా పేరే రాయాలి. రాయడానికి సిద్ధపడ్డాను కూడా. రెండు ప్రభుత్వ ఆఫీసులకు పంపాను. ఒకచోట నుంచి అందినట్టు రసీదు వచ్చింది. ఇంకోచోట నుంచి అదీ లేదు.

ఊరికి వచ్చి తోటపనిలో పడ్డాను. అమ్మకు చెప్పక తప్పలేదు. అబద్ధం చెప్పింది అమ్మకే కాబట్టి మొదటినుంచీ చెప్పాను. అంతా విని అడిగింది.

"మరైతే ఆ బావు బతికున్నాడేటి?"

"తెలీదమ్మా."

"ఆళ్లమ్మో?"

"తెలీదు."

"నువ్వు నాతో మందులు మోసీవనే సెప్పినావు," అంది.

కోపంగా అనలేదు. ఆ మాట అని లోపలికి వెళ్లి, అన్నం వడ్డించి పిలిచింది. అప్పటినుంచి తోటలో ఏ చప్పుడు వినబడినా నావైపు చూస్తుంది, విశాఖ నుంచి వెళ్లే నేవీ హెలికాప్టరయినా సరే.

గత నెల షెడ్డులోని పాత స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. రెండో విడత వెళ్లిపోయిందట. నా స్థానంలో వచ్చినాయన చాలా ఓపికగా నేర్పుతాడట. ఈసారి ఆరుగురు వచ్చారట.