ముందు కూర్చునే మనిషి

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పందేలకు వెళ్తానని తార్నాకలో ఎవరికైనా చెబితే, "నువ్వే నడుపుతావా?" అని అడుగుతారు. కాదు, ముందు కూర్చుంటాను అంటే వాళ్ళ ముఖంలో కుతూహలం అక్కడికక్కడే చల్లారిపోతుంది. ఇద్దరు ఎక్కే పడవలో వెనక కూర్చున్నవాళ్ళు చుక్కాని పట్టుకుంటారు. ముందు మనిషి చిన్న తెరచాప తాడు చూసుకుంటూ, పడవ ఒరిగినప్పుడల్లా అంచు మీదికెక్కి ఒంటిని బయటికి వేలాడేయాలి. ఎటు తిరగాలో, ఎప్పుడు తిరగాలో నిర్ణయించేది వెనకవాళ్ళే. ఆ ఏర్పాటు నాకు ప్రాణానికి హాయిగా ఉండేది. మిగతా బతుకులో అన్నీ నేనే నిర్ణయించుకుని చస్తున్నాను కదా, ఆదివారం పూట ఆ బాధ తప్పేది.

నా వెనక కూర్చునేది నా స్నేహితురాలు. క్యాంపస్‌లో ఇద్దరం ఒకే డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెబుతాం. నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది. అడిక్‌మెట్‌లో ఆమె ఇంటినిండా మనుషులు: భర్త, అత్తగారు, కూతురు, ఎప్పుడు వెళ్ళినా కాళ్ళు చాపుకుని కూర్చున్న ఎవరో ఒక చుట్టం. తార్నాకలో నాకు రెండు గదులు, బట్టలారేసుకోవడానికి ఒక బాల్కనీ. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా అడగడం మానేశారు.

స్నేహితురాలు కూతుర్ని పడవలు నేర్పే క్లబ్బులో చేర్చడానికి వెళ్ళి, గట్టు మీద ఊరికే కూర్చోలేక తనూ నేర్చుకోవడం మొదలుపెట్టింది. తోడుకు నన్ను లాక్కెళ్ళింది. ఏళ్ళు గడిచాయి. వారమంతా గడిపేయడానికి ఏవో పనులుంటాయి గాని, ఒంటరి మనిషికి ఆదివారం చాలా పొడుగు. ఆ పొడుగంతా ఆ నీళ్ళ మీద, ఆ మురికి వాసన మధ్యనే, గడిచిపోయేది. "రెడీనా అక్కా?" అని వెనక నుంచి గొంతు వచ్చేది. "ఆఁ" అనేదాన్ని. పడవ తిరిగేది. నేను వంగి అవతలి అంచుకు మారేదాన్ని. వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరమే ఉండేది కాదు.

రెగట్టాలో, అంటే ఏటా జరిగే పడవ పందేల్లో, ఎవరు ఎవరితో పోటీ పడాలన్నది పడవ రకాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో రకం ఒక క్లాసు. పిల్లలది ఆప్టిమిస్ట్ క్లాసు, స్నానాల తొట్టికి తెరచాప కట్టినట్టుండే బుల్లి పడవ. దానికి వయసు పరిమితి ఉంది. స్నేహితురాలి కూతురు ఆ వయసు దాటింది. అప్పటికే ఆ పిల్ల మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. పెద్దమ్మా, నేనింక ఇందులో పట్టనని నాతోనే చెప్పుకుని నవ్వేది. నేనూ నవ్వాను. ఆ మాట తిరిగి తిరిగి నా సీటు దగ్గరికే వస్తుందని నాకు తట్టలేదు.

క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ చెప్పింది స్నేహితురాలు.

"ఈసారి రెగట్టాకు పిల్లను ముందు కూసోపెట్టుకుందామనుకుంటున్న అక్కా. చిన్న బోట్లల్ల ఇంక రానియ్యరు. ఒక్కదాన్ని లేజర్ల పంపాలంటే దానికి భయం."

"మంచి ఆలోచనే," అన్నాను.

"నీకు కోపం రాలేదు కదా?"

"నాకెందుకు కోపం?"

నాకు చాలా కోపం వచ్చింది. మిగిలిన చాయ్ పక్కకు నెట్టేశాను.

"నువ్వు లేజర్ తీసుకో. ఇన్నేండ్ల సంది ఎక్కుతున్నవ్, నీకు రాదా ఏంది?" అంది.

లేజర్ అంటే ఒక్కరు నడిపే పడవ. పడవ అందరికీ ఒకటే గాని, తెరచాపలు మూడు కొలతల్లో ఉంటాయి. ఒంటి బరువును బట్టి తెరచాప, తెరచాపను బట్టి డివిజన్. పందేలు చూసుకునే పెద్దమనిషి సైన్యంలో పనిచేసి రిటైరైనవాడు. నన్ను పై నుంచి కింది దాకా ఒక్కసారి చూసి, "మేడమ్, మీరు బక్కగున్నరు. గాలి జోరుగుంటే పెద్ద సెయిల్ మిమ్మల్నే లేపుకపోతది. చిన్నదాన్ల రాస్తున్న," అన్నాడు. చిన్న తెరచాప డివిజన్‌లో ఉన్నవాళ్ళంతా స్కూలు పిల్లలు. మగపిల్లల్లో సగం మందికి మీసాలింకా మొలవలేదు. వాళ్ళ మధ్య లైఫ్ జాకెట్ తొడుక్కుని నిలబడితే, పిల్లల్ని విహారయాత్రకు తీసుకొచ్చిన టీచరమ్మలా ఉన్నాను.

అయినా పట్టుదలగా నేర్చుకున్నాను. వర్షాలు మొదలయ్యాక గాలి బాగా వీచేది. కోచ్ మోటారు బోటులో పక్కనే వస్తూ విజిల్ వేసేవాడు, విజిల్ వినపడగానే తిరిగేదాన్ని. నాకు కప్పు మీద ఆశ లేదు. పందెం పరువుగా ముగిస్తే, అక్క లేకుండా వెలితిగా ఉందని ఆమెకు అనిపిస్తే, నా చోటు నాకు తిరిగి ఇస్తుందని ఆశ. సిగ్గులేని ఆశే. ఎవరికీ చెప్పలేదు.

పందెం రోజు ఇద్దరెక్కే పడవల్ని ముందు వదిలారు, తర్వాత మా లేజర్లను. మొదటి చుట్టు బాగానే గడిచింది. పిల్లల గుంపు వెంటే వెళ్ళి, వాళ్ళు తిరిగిన చోటల్లా తిరిగాను. రెండో చుట్టుకు గుంపు చెదిరిపోయింది. గాలికి ఎదురు వెళ్ళాలంటే పడవ తిన్నగా పోదు, ఒకసారి అటు, ఒకసారి ఇటు వంకరగా వెళ్ళి, మలుపుకు గుర్తుగా నీళ్ళలో తేలే బోయాను అందుకోవాలి. ఎప్పుడు తిరగాలన్నదే అసలు విద్య. నేను ఒడ్డున పార్కు ఉన్న గట్టు వైపు పోతున్నాను. పడవ చక్కగా సాగుతోంది. అంచు మీద ఒళ్ళు వేలాడేసి, ముందుకు చూస్తూ, పోతూనే ఉన్నాను. తిరగాలని ఒళ్ళంతటికీ తెలుసు. వంగడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. కానీ వెనక నుంచి ఎవరూ ఏమీ అనలేదు. ఆ గొంతు కోసం ఎదురుచూస్తున్నానని, వెనక ఎవరూ లేరని, చుక్కాని నా చేతిలోనే ఉందని తట్టేసరికి బోయా ఎక్కడో దూరాన ఉండిపోయింది. గట్టు మీద వాకింగ్‌కు వచ్చినవాళ్ళ ముఖాలు కనిపిస్తున్నాయి. అప్పుడు, ఆ నీళ్ళ మధ్యలో, నాకు ఏడుపొచ్చింది. తిప్పుకుని వెనక్కి వచ్చేసరికి అందరూ ముగించేశారు. ఆఖర్న వచ్చాను.

ఒడ్డుకు చేరాక స్నేహితురాలు తడిబట్టలతోనే వచ్చింది. వాళ్ళ పందెం ముందే అయిపోయి, పడవలో పార్కు దిక్కునే ఆగి ఉన్నారట.

"చూసిన అక్కా. పోతనే ఉన్నవ్. తిరుగు తిరుగు అని నోటిదాక వచ్చింది. పందెంల ఉన్నోళ్ళకు బయటోళ్ళు చెప్పొద్దు, చెప్తే నిన్ను తీసేస్తరు. పండ్లు బిగవట్టి కూసున్న. ఎందుకు తిరగలే అసలు?"

"ఎవరూ రెడీనా అని అడగలేదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మోచేయి పట్టుకుంది.

"వచ్చే ఏడు మళ్ళ నా బోట్లకే వచ్చెయ్ అక్కా. పిల్లకు ఎట్లయినా ఇంటర్ కోచింగ్ మొదలైతది."

ఇన్ని నెలలూ నేను వినాలనుకున్న మాట అదే. సరే అనే మాట గొంతు దాకా వచ్చింది. అంతలో పక్కనే తెరచాప మడత పెడుతున్న పిల్ల మీద నా చూపు పడింది. వాళ్ళమ్మ మాట విన్నట్టుంది, చేతులు ఆగిపోయాయి. తల మాత్రం ఎత్తలేదు.

"దానికి చెప్పావా?" అని అడిగాను.

"చెప్తలే."

"వద్దులే. నాకు లేజర్ అలవాటవుతోంది," అన్నాను.

బతిమాలుతుందనుకున్నాను. ఏ విషయంలోనైనా నన్ను ఒప్పించేదాకా వదలని మనిషి.

"నీ ఇష్టం అక్కా," అంది వెంటనే. పట్టుకున్న మోచేయి వదిలేసి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ముఖం తేటపడింది. గబగబా వెళ్ళి కూతురి చేతిలోని తెరచాప రెండో కొస అందుకుంది. పిల్ల ఏదో అంటే ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంకొక్కసారి అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నని ఆమెకు ఇప్పటికీ తెలియదు.