నడవని మూల

కండ్లకోయ దాటీ దాటకముందే జీపు మొరాయించింది. రేడియేటర్ చల్లబడేదాకా చేసేదేముంది, ముగ్గురూ రోడ్డు పక్క టీ బండి దగ్గర చేరారు. ప్లాట్లమ్మే నరసింహ, కొనబోయే బ్యాంకు ఉద్యోగి చలపతిరావు, హద్దురాళ్లు పాతే భిక్షం. దేవరయాంజాల్‌లో స్థలం చూడటానికి పోతున్నారు. 2005 ఎండాకాలం.

"భూమి క్లియరేనాండీ?" చలపతిరావు మళ్లీ అడిగారు.

"మస్తు క్లియర్ సార్. కావాల్నంటె గీ భిక్షమన్ననడుగుండ్రి."

"నేనింక దాంట్ల నడ్వలే సార్. నడ్వకుంట క్లియరని ఎట్లంట?"

చలపతిరావు ముఖం వాడింది. "అంటే లిటిగేషనేమన్నా ఉందంటారా?"

నరసింహ నెత్తి కొట్టుకున్నాడు. "పోయినసారి గూడ గిట్లనే ఓ పార్టీని ఎళ్లగొట్టినవు! నీ మిలిట్రీ క్లియర్ వేరే, మా క్లియర్ వేరే అన్నా. గీడ భూముల్ల బాంబులుండవు, అన్నదమ్ములుంటరు."

"గంతకన్న బాంబులే నయం. తీస్తె ఎల్తయి."

తేట అని మంచి మాట ఉంది తెలుగులో. నీళ్లకు వాడతాం, భూమికి వాడం. భిక్షానికి ఆ లోటు తెలిసింది పటాలంలో. సరిహద్దులో యుద్ధం వస్తుందనుకున్న ఏడాది రాజస్థాన్ రైతుల చేలల్లో మందుపాతరలు పాతారు. యుద్ధం రాలేదు. అసలు మందుపాతరలే వద్దని చాలా దేశాలు సంతకాలు పెట్టిన ఒప్పందంలో మన దేశం లేదు. మనం ఒప్పుకున్నది ఇంకొకటి. పాతినచోటు రాసిపెట్టుకోవాలి, కంచె వెయ్యాలి, పని తీరాక పాతినవాళ్లే తియ్యాలి. రాసింది బాగానే ఉంది గాని ఇసుక చదువుకోలేదు కదా, గాలివాటుకు పాతరల్ని ఎటో జరిపేసింది. భిక్షం బోర్లా పడుకుని ఇనుప చువ్వను ఏటవాలుగా గుచ్చుకుంటూ వాటిని వెతికేవాడు.

ఏ చట్టంలోనూ లేని ఆచారం ఒకటి వాళ్ల పటాలానికి ఉండేది. పాతరలు తీసినవాళ్లు ముందు తామే, చేతులు పట్టుకుని, రైతు కళ్లెదుట చేనంతా నడవాలి. ఆ తర్వాతే రైతు కాలుపెట్టేది. గంగానగర్ వైపు ఒక ముసలమ్మ చేనులో మూల మాత్రం మిగిలింది. "రేపు ఇది కూడా నడుస్తానమ్మా" అన్నాడు. ఆ సాయంత్రమే రిటైర్మెంటు ఉత్తర్వు వచ్చింది, బండి సిద్ధంగా ఉంది. అప్పటినుంచి ఇక్కడ ఏ చేను గట్టున నిలబడ్డా అతని అరికాళ్లు ఆ ఇసుక కోసం తహతహలాడతాయి.

చలువరాళ్ల లారీ వచ్చి ఆగింది. డ్రైవర్ దిగి హిందీలో సుచిత్ర చౌరస్తాకు దారి అడిగాడు. ఆ యాస వినగానే భిక్షం లేచి నిలబడ్డాడు. ఏ ఊరని అడిగితే మూల మిగిలిన ఆ ఊరే. ముసలమ్మ అతనికి అమ్మమ్మ వరస.

"మూల పని కాలేదు. తర్వాత ఎవరు చేశారు?" భిక్షం హిందీలోనే అడిగాడు.

"గొలుసులతో నేలను ఉతికే కొత్త యంత్రం తెచ్చారు ఫౌజీ భాయ్. పాతరల్లేవని కాయితమిచ్చారు. చలికాలం చేనంతా ఆవాలు పూస్తాయి, చూడాలి నువ్వు!"

"మూలలో కూడానా?"

డ్రైవర్ నవ్వాడు. "అక్కడికి అమ్మమ్మ మేకనైనా పోనివ్వదు. కాయితం చూపిస్తే ఏమంటదో తెలుసా? 'యంత్రానికి కాళ్లున్నాయా? హైదరాబాద్ వాడు నడుస్తానన్నాడు, నడవకుండా పోయాడు. ఏదో చూసే పోయుంటాడు.' ఏళ్లుగా అదే పాట."

 భిక్షం టీ గ్లాసు బండి మీద పెట్టాడు.

"ఇంకా బతికే ఉందా?"

"ఉంది. కళ్లే సరిగా కనబడవు."

డ్రైవర్ దారి కనుక్కుని సుచిత్ర వైపు పోయాడు. నరసింహ బానెట్ దించి, "ఇగ ఎక్కుండ్రి సార్, జల్దీ" అన్నాడు. చలపతిరావు ఎక్కారు. భిక్షం తువ్వాలు భుజాన వేసుకుని రోడ్డు దాటాడు. అటువైపు బస్సులు మేడ్చల్ రైల్వేస్టేషన్ మీదుగా పోతాయి.

"అన్నా, యాడికి? సార్‌కు హద్దులెవరు సూపిస్తరు?"

భిక్షం బస్సు కోసం ఆగలేదు, వెనక్కి చూడలేదు. రోడ్డంచున మట్టి మీద మేడ్చల్ వైపు నడుస్తూనే ఉన్నాడు.