పిడికెడు గుగ్గిలం

మా చిన్నప్పుడు... బెజవాడ రోడ్డు దుమ్ములోంచి ఒక మోటారు కారు చివ్వెంల దిక్కు మళ్లిందంటే, మా ఊరి దొర ఉండే గడికి పట్నం చుట్టాలు షికారుకు వచ్చినట్టే. పగలు పిట్టల వేట, రాత్రి భాగోతం. వాళ్లకు సరదా... మాకు చాకిరీ.

నిజాం రాజ్యం ఆఖరి రోజులవి. మాది చాకలి ఇల్లు. భాగోతానికి కాగడా పట్టడం మా నాయన వంతు. గుడ్డలు చుట్టిన కర్ర మీద ఆముదం పోసుకుంటూ, వేషగాడు ఎటు కదిలితే అటు కదలాలి. రాక్షస వేషం తెర వెనక నుంచి వచ్చేటప్పుడు మాత్రం ఆ మంట మీద చిటికెడు గుగ్గిలం పొడి చల్లేవాళ్లు... భగ్గుమని లేచేది! ఆ గుగ్గిలం సంచి పట్టుకునేది నేనే. అది చేతిలో ఉంటే నాకు నేల మీద కాలు ఆనేది కాదు.

ఆ ఏడు మిర్యాలగూడెం నుంచి మేళం వచ్చింది. రెండు రాత్రుల ఆట. నాయన చెల్లెలు, మా మేనత్త, ఆట చూడటానికే కోదాడ నుంచి బండి కట్టించుకుని వచ్చింది.

మొదటి రాత్రి దొర పక్క కుర్చీలో ఒక పట్నపాయన కూర్చున్నాడు. మైనం పెట్టి మెలేసిన మీసాలు, ముక్కు పగిలే అత్తరు. పేరు చెప్పను. చెబితే నా నోరే పాడవుతుంది. ఆట మంచి రసపట్టులో ఉండగా నాయనను పిలిచాడు.

"ఏయ్, కాగడ ఆడోళ్ల దిక్కు తిప్పు. అసలు తమాషా గాడున్నది."

దొర నవ్వాడు. నాయన ఒక్క క్షణం ఆగి... తిప్పాడు. వెలుగు ఒక్కొక్కరి ముఖం మీద పడుతూ పోయింది. మా అత్త దగ్గరికి రాగానే ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "ఆగు, గీడ ఆగు. ఆ కొంగు తియ్యమను" అన్నాడు ఆ మీసాలాయన.

అత్త లేచి వెళ్లిపోయింది. ఆమె వెనకాలే ఆడవాళ్లందరూ లేచారు.

ఇంటికొచ్చాక అత్త అన్నం ముట్టలేదు. నాయన గుమ్మం దగ్గరే నిలబడి "ఏం జెయ్యాలె చెల్లె... దొర పక్కన్నే ఉండె" అన్నాడు.

"వాడు తిప్పమన్నాడు, సరే. తిప్పింది నువ్వు కదన్నయ్యా" అంది అత్త. "ఎల్లుండి తెల్లారి కోదాడ బండి రాగానే ఎక్కుతాను. మళ్లీ నీ గడప తొక్కను."

ఉన్న ఒక్క చెల్లెలు... నాయన మరునాడంతా రేవులో బట్టలు ఉతుకుతుంటే బండ పగులుతుందేమో అనిపించింది. నాకైతే ఆ మీసాలాయన్ను అదే బండ మీద పెట్టి బాదాలనిపించింది. ఎనిమిదేళ్ల పిల్లకు అంత పగ ఉంటుందా అంటే... ఉంటుంది.

సాయంత్రం నాయన రాక్షస వేషగాడు రంగు వేసుకుంటున్న చోటికి వెళ్లి, చెవిలో ఏదో చెప్పి వచ్చాడు. తర్వాత నాతో, "బిడ్డా, ఇయ్యాల నా ఎనకనే ఉండు. నేను సెయ్యి సాపంగనే చిటికెడు పొయ్యి" అన్నాడు.

ఆ రాత్రి ఆడవాళ్లు ముందుకు రాలేదు. దూరంగా చీకట్లో కూర్చున్నారు. రానంటే రానన్న అత్తను మా అమ్మ బతిమాలి తీసుకొచ్చింది.

తెర వెనక రాక్షసుడు గర్జించాడు. మద్దెల మోగింది. నాయన కాగడా ఎత్తి తెర వైపు వెళ్లాలి కదా... గిర్రున తిరిగి కుర్చీల వైపు వెళ్లాడు. మీసాలాయన ముందు నిలబడి చెయ్యి చాపాడు.

చిటికెడు అడిగాడు నాయన. నేను పిడికెడు పోశాను.

నాయన చూసుకోకుండానే దాన్ని కాగడా మీద చల్లేశాడు. అంత మంట ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. తెర వెనక నుంచి రాక్షసుడు "అరెరే! నాకంటె ముందే ఇంకో రాక్షసుడొచ్చి కుర్సీ ఎక్కిండే! ఆ మీసాలు సూడుండ్రి!" అని అరిచాడు. మీసాలాయన కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. లేచేసరికి ఒక పక్క మీసం లేదు! అత్తరు పోయి కమురు వాసన మిగిలింది. చీకట్లోంచి ముందు ఒక నవ్వు వినిపించింది... అది మా అత్తది. తర్వాత ఊరంతా నవ్వింది.

పొద్దున్నే కారు వెళ్లిపోయింది. ఆయన సగం ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడని సూర్యాపేట దాకా చెప్పుకున్నారు.

నాయనను గడికి పిలిపించి చింత బరికెలతో వీపు చిట్లగొట్టారు. కోదాడ బండి వచ్చి వాకిట్లో నిలబడితే అత్త ఎక్కలేదు. నాయన వీపుకు పసుపు, నూనె రాస్తూ కూర్చుంది.

"నొప్పిగా ఉందా అన్నయ్యా?"

"నొప్పి సంగతి ఇడిసిపెట్టు. వాని మీసం ఎంత కాలింది?"

"ఒక పక్క మొత్తం పోయింది."

"జరసేపు ఆగితే రెండోది గూడ పోతుండె."

అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఏడుస్తూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. నాయన వీపు మీద గీతలకు ఒక్క మీసం ఏ మూలకు? నాకది ఇప్పటికీ చాలలేదు.

మొన్న సూర్యాపేటలో ఏదో సాంస్కృతిక సంబరమంటే మునిమనవరాలు తీసుకెళ్లింది. లైట్లు, పాటలు, హైదరాబాదు నుంచి కార్లలో వచ్చిన జనం... బాగానే ఉంది. ఇంతలో పొడుగాటి కర్రకు కట్టిన కెమెరా ఆడపిల్లల వైపు తిరిగింది. అడగకుండానే వాళ్ల ముఖాలు పెద్ద తెర మీదికెక్కాయి. ఈలలు, కేకలు. నా పక్కనున్న పిల్ల చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది... అచ్చం మా అత్తలాగే.

తిప్పమన్నది ఎవడో, తిప్పింది ఎవడో వెతికాను. అంత వెలుగులో ఒక్కడూ కనిపించలేదు. కుడిచేతి పిడికిలి మాత్రం దానంతట అదే బిగుసుకుంది...

మీ ఇళ్లల్లో కూడా కాగడా పట్టినవాళ్లు ఉండే ఉంటారు. ఎవరి కోసం పట్టారో కాదు... ఎప్పుడైనా, ఎవరి ముఖం మీదికి తిప్పారో చెప్పండి. వినాలని ఉంది.