వెనక తల మీద మూడు సాంపిళ్లు

ఆ రోజుల్లో నాకు అద్దమంటే భయం లేదు. ఎదురుగా ఉన్న అద్దం నేను చెప్పినట్టే వినేది. ఎడమ చెవి పైనుంచి నాలుగు పాయలు తీసి, కుడి చెవి దాకా సాగదీసి, కొబ్బరినూనెతో అతికించి, గడ్డం కాస్త పైకెత్తి చూసుకుంటే ఇరవై ఆరేళ్ల కుర్రాడే కనిపించేవాడు. నా భయమంతా రెండో అద్దంతోనే. కటింగ్ అయ్యాక షాపువాళ్లు మెడ వెనక పట్టి "చూస్కో, మంచిగున్నదా?" అని అడుగుతారే, ఆ అద్దం. అందులో నడినెత్తిన పూరీ అంత జాగా నున్నగా మెరిసేది. ఆ నెత్తి ఎవరిదో నాకు తెలియనట్టు "మంచిగున్నది" అని తలూపేసేవాణ్ని. (గట్టిగా ఊపితే నాలుగు పాయలూ జారిపోతాయి కనక ఆ ఊపడం కూడా జాగ్రత్తగానే.)

నన్ను సూరత్ తీసుకొచ్చింది మా మేనమామ. కరీంనగర్ వైపు నుంచి వచ్చి, మగ్గాల మీద ఇరవై ఏళ్లు పనిచేసి, డిండోలిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఇంటర్లో సైన్సు చదివానన్న గౌరవంతో నన్ను మగ్గం మీదికి పంపకుండా పాండేసరలో ఒక రంగుల మిల్లు ల్యాబులో పెట్టించాడు. ల్యాబంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. పార్టీ, అంటే ఆర్డరిచ్చే బట్టల వ్యాపారి, ఒక గుడ్డముక్క తెచ్చి "ఇదే రంగు కావాలి" అంటుంది. మేము అరచేతంత గుడ్డలకు మూడు మోతాదుల్లో రంగువేసి, కార్డు మీద వరసగా అంటించి చూపిస్తాం. పార్టీ ఒకదాని పక్కన టిక్కు పెడితే అది పాస్. అప్పుడుగానీ వేల మీటర్ల మాల్ మిషన్‌లోకి వెళ్లదు. మా మాస్టర్ సాబ్‌కు రెండే సూత్రాలు. "సాంపిల్ పాస్ హువే బినా మాల్ నహీ", సాంపిల్ పాస్ కాకుండా మాల్ వేయకూడదన్నది మొదటిది. సాంపిల్‌ను ఎండలోనే చూపించాలన్నది రెండోది. ట్యూబులైటు కింద అచ్చు గుద్దినట్టు సరిపోయిన రంగు ఒక్కోసారి వాకిట్లోకి తెచ్చేసరికి వేరేగా కనబడుతుంది. అలా పాసైన మాల్ నెల తిరక్కుండా వాపస్ వస్తుంది. వాపస్ వచ్చిన తాన్లు గేటు దగ్గర దించుతుంటే ల్యాబువాళ్లమంతా తల వంచుకుని నిలబడేవాళ్లం. (తల వంచుకుంటే నాకు ఇంకో ఇబ్బంది ఉండేదని మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.)

మామకు యాభై రెండేళ్లు దాటినా నెత్తి నిండా కాకినలుపు జుట్టు. దాని గురించి అడిగితే పొంగిపోయేవాడు. "ఏం జేయాలె అల్లుడా, నీకు మా అక్క జుట్టు రాలే, మీ నాయిన జుట్టొచ్చింది" అని జాలిపడేవాడు. నా చేత మూడు వారాలు ఉల్లిగడ్డ రసం రాయించాడు. జుట్టు మొలవలేదుగానీ ఆ వాసనకు షేర్ ఆటోలో నాకు కాళ్లు చాపుకునేంత చోటు దొరికేది. చివరికి జుట్టు మీద ఆశ వదులుకుని పెళ్లి మీద పడ్డాడు. డిండోలిలోనే మనవాళ్లింట్లో అమ్మాయి ఉంది. తండ్రి మగ్గాలు చెడిపోతే బాగుచేసే జాబర్. అమ్మాయి సూరత్‌లోనే పుట్టి పెరిగింది, ఒక చీరల గోదాములో చెకింగ్ పని, అంటే మడతపెట్టే ముందు ప్రతి చీరా పరిచి మచ్చా మరకా పట్టుకోవడం. మామ నన్ను స్టూడియోకు తీసుకెళ్లి, ముందునుంచి రెండు లైట్లు కొట్టించి, వెనక నల్ల పరదా కట్టించి ఫోటో తీయించాడు. నా జుట్టు ఎక్కడ అయిపోయిందో, పరదా ఎక్కడ మొదలైందో కన్నతల్లి కూడా చెప్పలేదు. ఆ ఫోటో వాళ్లకు నచ్చింది. వాళ్లు పంపిన ఫోటో నాకు ఇంకా నచ్చింది. పెద్ద కళ్లు, ఎక్కడో దూరంగా చూస్తున్న చూపు. లోతుగా ఆలోచించే పిల్ల అనుకున్నాను. రోజుకు పదిసార్లు ఫోన్ తీసి చూసుకునేవాణ్ని.

పెళ్లిచూపులు ఆదివారం సాయంత్రం. శనివారం మామ నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "ఏడింటికి పోదాం. గప్పటికి చీకటైతది, ట్యూబులైటేస్తరు. నువ్వు గోడకు ఆనుకొని కూసో. ఫ్యాన్ కింద కూసోకు. పెద్దమనుషులకు నిలవడే దండం పెట్టు. ఏం జేసినా గని వంగకు."

"మరి పెండ్లయినంక తెల్వదా మామా?"

"పెండ్లయినంక అందరికీ అన్నీ తెలుస్తయి. నేను గురక వెడ్తనని మీ అత్తకు ముందుగల్ల చెప్పిన్నా?"

వంటింట్లోంచి అత్త గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుతోనే నాకు పట్టుదల వచ్చేసింది. ట్యూబులైటు కింద పాసై, ఎండలోకి రాగానే వాపసయ్యే మాల్‌గా నేనుండను. ఆ అమ్మాయి వద్దంటే నిజం చూసి వద్దనాలి, అవునంటే నిజం చూసి అవుననాలి. పొద్దున్నే వెళ్లి జుట్టు పొట్టిగా కొట్టించేస్తాను, ఉన్నదేదో ఉన్నట్టు కనబడుతుంది. ఇంత గట్టి నిర్ణయం నా జీవితంలో అంతకు ముందు తీసుకోలేదు. తీసుకున్నాక రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. ఎంత పొట్టిగా అన్నది మాత్రం ఆలోచించలేదు.

మా గల్లీ చివర కటింగ్ షాపు కాకది జగిత్యాల. ఆదివారం రద్దీ తగ్గేదాకా ఆగి, ఒంటిగంటకు కుర్చీలో కూర్చుని సంగతి చెప్పాను. కాక మిషన్‌కు తొడిగే ప్లాస్టిక్ దువ్వెనలు బల్ల మీద వరసగా పెట్టాడు. నంబరు పెరిగేకొద్దీ నెత్తి మీద జుట్టు ఎక్కువ మిగులుతుంది. "నాలుగో నంబర్ పెడ్తే ఎవ్వలకేం దెల్వది. రెండు పెడ్తే అనుమానమొస్తది. ఒకటి పెడ్తే సంగతంత బయటవడ్తది. ఏదీ పెట్టకుంటే ఎములాడ రాజన్న మొక్కు అనుకుంటరు. చెప్పు బిడ్డా, ఏది?"

అక్కడ ఆగిపోయాను. నాలుగు పెడితే మళ్లీ దాచినట్టే. ఒకటి పెడితే ఆ అమ్మాయి చాయ్ గ్లాసుతో అట్నుంచటే వెనక్కి వెళ్లిపోవచ్చు. రెండంటే రెంటికీ చెడ్డట్టు. కాక ఇద్దరికి గడ్డం గీసి మళ్లీ నా దగ్గరికొచ్చాడు, నేనింకా దువ్వెనలే చూస్తున్నాను. అప్పుడు నా బుర్రలో ల్యాబు తలుపు తెరుచుకుంది. "కాకా, వెనక మూడు సాంపిళ్లు తీయ్. నాలుగు, రెండు, ఒకటి. ఎండల చూసి పాస్ జేస్త. పాసైంది నెత్తంత కొట్టు."

"ఏంది పిలగా, నెత్తనుకున్నవా, బట్టల తాననుకున్నవా? ముప్పై ఏండ్ల సంది కటింగ్ జేస్తున్న, గిసోంటి బేరం చూడలే" అన్నాడు కాక. అన్నాడేగానీ తీశాడు. ఎడమ చెవి వెనకనుంచి కుడి చెవి వెనక దాకా, అగ్గిపెట్టె అంత సైజులో, మూడు గళ్లు. మెడకు గుడ్డ కట్టుకునే బయటికొచ్చి, ఎండలో నిలబడి, ఫోన్ వెనక్కి పట్టుకుని ఫోటో తీసుకోబోయాను. మొదటిది నా చెవి, రెండోది కాక షాపు బోర్డు. మూడోది తీస్తుండగా మామ స్కూటర్ వచ్చి నా ముందు ఆగింది.

"నడువ్ నడువ్! పిల్ల నాయిన కారఖానల మిషిన్లు బందయినయట, నాలుగింటికి పోవాలెనట. మనల ఇప్పుడే రమ్మన్నరు."

"మామా, నా నెత్తి..."

"నీ నెత్తి సంగతి నాకు తెల్వదా? బండెక్కు."

కాక మిషన్ పట్టుకుని బయటికి పరుగెత్తాడు. "అరే, పని సగమే అయింది. జర ఎనుక చూడుండ్రి..."

"ఎనుకా ముందటా చూసే టైమ్ లేదు కాకా" అని మామ నా మెడలో గుడ్డ లాగి కాక భుజం మీద వేసి బండి ఉరికించాడు. దారిలో చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పాను. బండి నడిపేటప్పుడు ఏం చెప్పినా మామ "ఆఁ ఆఁ, పోదాం" అంటాడు. పైగా ఆయన ముందు, నేను వెనక. నా వెనక తల సూరత్ నగరానికంతా కనబడుతోంది, ఒక్క మామకు తప్ప. సిగ్నల్ దగ్గర వెనక ఆటోలో ఎవరో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. మామ గర్వంగా భుజాలు సర్దుకున్నాడు.

వాళ్లింట్లో మామ పాఠాన్ని అక్షరాలా పాటించాను. గోడకు ఎంత ఆనుకున్నానంటే సున్నం చొక్కాకు అంటింది. అమ్మాయి చాయ్ తెచ్చింది. ఫోటోలోలాగే నా మీదుగా ఎక్కడో దూరంగా చూసింది. జాబర్‌గారు మాటలు తక్కువ మనిషి, గ్రీజు పట్టిన గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. గుజరాతీ వచ్చా అంటే "థోడీ థోడీ" అన్నాను. అంతా బాగానే ఉందనుకునేసరికి వాళ్లమ్మ "మీదికి పోయి ఇద్దరు మాట్లాడుకోండ్రి" అంది. మామ మొహం వాడిపోయింది. మీదంటే డాబా. మూడు గంటల ఎండ.

గోడ వెంబడే జరుగుతూ మెట్ల దాకా వెళ్లి "మీరు ముందు పదండి" అన్నాను. "నై నై, మెహ్మాన్ కదా, చుట్టాలే ముందు" అంది. ఇక చేసేదేముంది, ఎక్కాను. వెనక మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నా మెడ మాత్రం కాలిపోయింది.

డాబా మీదికి రాగానే ఆమె తిన్నగా నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి, రుమాల్లో చుట్టి పెట్టిన కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. అద్దాలు మందంగా ఉన్నాయి. అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూసి "హాఁ, హవే దేఖాయ్ ఛే. ఇప్పుడు కనబడ్తున్నరు" అంది. "మమ్మీ తీసేయమన్నది. ఫోటోల గూడ తీపిచ్చింది. అద్దాల్లేకుంటే మీరు నాకు ఖాళీ ఒక షర్ట్ లెక్క కనబడ్తరు. ఝూట్ బోల్‌కే, అబద్ధం చెప్పి షాదీ నాకొద్దు, అందుకే మీదికి పంపుమని మమ్మీకి నేనే చెప్పిన." (లోతైన ఆలోచన అనుకున్నది దూరం చూపు ఆనకపోవడమన్నమాట.)

ఆ ధైర్యం చూశాక నాకూ ధైర్యం వచ్చింది. ఒక్క ఊపిరిలో అన్నీ చెప్పేశాను. నల్ల పరదా, ఉల్లిగడ్డ రసం, కాక దువ్వెనలు, సాంపిళ్లు. "మా నాయినకు ముప్పై ఏండ్లకే అంత పోయింది. నాకూ గంతే. చూసి చెప్పండి. ఎండల పాసైతేనే నాకు కావాలె" అన్నాను.

ఆమె నవ్వలేదు. నా వీపు ఎండ వైపు తిప్పి నిలబెట్టి, మూడు గళ్లనూ ఒక్కొక్కటే బొటనవేలితో తడిమింది. (అది గోదాము అలవాటు. మరుక్షణం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి లాక్కుంది.) "సాంపిల్ గలత్ తీసిన్రు" అంది.

"ఏంది?"

"మంచి మాల్ మీద తీసిన్రు. ఖరాబ్ మాల్ పైన ఉంది కదా. జర వంగండి."

ఏం చేసినా వంగకు అని మామ చెప్పిన మాట చెవిలో గింగురుమంటుండగా, వంగాను. గాలికి నాలుగు పాయలూ లేచి భుజం మీద పడ్డాయి. నున్నటి నెత్తి మీద ఎండ చురుక్కుమంది. నేల మీద ఆమె నీడ కదలకుండా నిలబడి ఉంది. అంతసేపు ఎవరికీ ఎప్పుడూ నా నెత్తి చూపించలేదు.

"నాకు తెలుసు" అంది చివరికి. "మీరు బండి దిగేటప్పుడు గిక్కడ్నుంచే చూసిన, అద్దాలు పెట్టుకొనే. మీదికెల్లి చూస్తే మనిషిది ముందు నెత్తే కదా కనబడేది. చూసినంకనే చాయ్ తెచ్చిన. గా మూడు డబ్బాలే సమజ్ కాలే." ఇక తీర్పు చెప్పింది. "ఒక నంబర్ పాస్."

"అంత కనబడ్తది."

"కనబడనీ. చూసి పాస్ చేసుడే కదా నా పని. ఇంకో మాట, మీ మామయ్యది కలర్ కదా? ఎండల ఎర్రగ కొడ్తుంది."

కిందికి దిగేసరికి గోడ సంగతి మర్చిపోయాను. వెనకనుంచి మామ కేక. "ఓరి నీ పాడుగాను! ఎలుకలు గొరికినట్టు గిదేందిరా?" జాబర్‌గారు లేచొచ్చి, చెడిపోయిన మగ్గాన్ని చూసినట్టు నా వెనక తలను దగ్గరగా చూశాడు. అమ్మాయి మెట్ల మీద కళ్లద్దాలతోనే నిలబడి "నేను పాస్ చేసిన పప్పా. ఒక నంబర్" అంది. వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంది. జాబర్‌గారు గడియారం చూశాడు. "పాసైనంక మాల్ ఆపుడెందుకు? పో బాబు, కొట్టిచ్చుకొని రా. నేను పోయేలోపట చూస్త."

కాక పది నిమిషాల్లో కొట్టేశాడు. మామ తలుపు దగ్గర నీడలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. కాక రెండో అద్దం తీస్తే, "ఇంకొంచెం కిందికి పట్టు" అని మొదటిసారి తీరిగ్గా చూసుకున్నాను. తర్వాత వాళ్లింటికి వెళ్తే జాబర్‌గారు చూశాడు. టిఫిన్ డబ్బా అందుకుని కారఖానాకు వెళ్తూ నా భుజం తట్టాడు.

ఇది పన్నెండేళ్ల కిందటి మాట. మామ ఇప్పటికీ రంగు మానలేదు, మా ఆవిడ కనబడితే మాత్రం ఎండలోంచి నీడలోకి జరుగుతాడు. రెండు వారాలకోసారి ఆదివారం నన్ను డాబా మీద కూర్చోబెట్టి తనే మిషన్ పెడుతుంది, ఒకటో నంబరే. పోయిన వారం పైన మిషన్ అక్కర్లేదంది. అక్కడిక కొట్టడానికేం లేదు. మిగిలిందల్లా ఈ చెవి నుంచి ఆ చెవి దాకా వెనక ఉన్న బెత్తెడు వెడల్పు జుట్టు, సరిగ్గా ఆ రోజు కాక సాంపిళ్లు తీసిన చోట. మా ల్యాబులోనూ అంతే, మాల్ ఎప్పుడో వెళ్లిపోయాక కూడా సాంపిల్ కార్డు ఫైల్లో ఉండిపోతుంది. ఆ మాటే ఆమెతో అంటే కళ్లద్దాలు పైకి తోసుకుని "మంచి మాల్ మీద తీసిన్రని నేను ఆ రోజే చెప్పలే?" అంది. తర్వాత చేతి అద్దం నా మెడ వెనక పట్టి "మంచిగున్నదా?" అని అడిగింది. నాలుగు పాయలు జారిపోతాయేమోనని ఊపిరి బిగబట్టి తలాడించిన ఆ ఇరవై ఆరేళ్ల పిల్లగాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మంచిగున్నదని తలూపాను, ఎంత గట్టిగా ఊపాలనిపిస్తే అంత గట్టిగా.