ముగ్గురు అపరిచితులు, ఒకే మాట

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఈ సంగతి మొదటే చెప్తున్నాను, ఎందుకంటే కింద రాసింది చదివాక నన్ను ఎలాంటివాళ్లతో కలిపి చూస్తారో నాకు తెలుసు.

మా బాపు, అంటే మా నాన్న, నస్పూర్‌లో బొగ్గు బాయిలో పనిచేశాడు. భూమి లోపల పనిచేసేవాళ్ల దగ్గర ఇలాంటి కథలకు కొదవ ఉండదు. ప్రమాదంలో పోయినవాళ్లు గోడ అవతలి నుంచి తట్టి పిలుస్తారని మా ఇంటికొచ్చిన బాపు దోస్తులు చెప్పేవాళ్లు. బాపు నవ్వి, "పైకప్పుకు పెట్టిన దుంగలు బరువుకు మూలుగుతయ్, గంతే" అనేవాడు. నాకూ ఆ బుద్ధే వచ్చింది. మేం మూడు తరాలుగా క్రైస్తవులం. ప్రార్థన మీద నాకు నమ్మకం ఉంది. కానీ దేవుడు నిన్న తనతో మాట్లాడాడని మైకు పట్టుకుని చెప్పేవాళ్లను చూస్తే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. నేను ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్తాను.

జయరాజ్ అన్న గురించి చెప్పాలి. నాకు సొంత అన్న కాదు. ఆదివారపు బడిలో నాకు పాటలు నేర్పినవాడు. మా అవ్వ చనిపోయినప్పుడు పెట్టె మోసిన నలుగురిలో ఒకడు. కొన్నేళ్ల కింద ఆయన మంచిర్యాల అంచున ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. హెచ్ఐవీ ఉందని తెలిసి ఇంట్లోవాళ్లు వెళ్లగొట్టిన ఆడవాళ్లను అందులో ఉంచాడు. ఆరుగురు ఉండేవాళ్లు. మా చర్చి నుంచి నలుగురైదుగురం ఆదివారం మధ్యాహ్నాలు అక్కడికి వెళ్లేవాళ్లం. కలిసి వండుకుని తినేవాళ్లం, పాడేవాళ్లం, ప్రార్థించేవాళ్లం.

ఆ ఆరుగురిలో ఒకామెకు ఒళ్లంతా పుండ్లు పడితే, మేమంతా గుమ్మం దగ్గరే ఆగిపోయిన రోజున, గోరువెచ్చటి నీళ్లతో కడిగింది జయరాజ్ అన్నే. నా కళ్లతో చూశాను. తర్వాత ఏం జరిగినా, నేను చూసింది అబద్ధమైపోదు. అదే నాకు మింగుడుపడదు.

పద్మ ఆ ఇంటికి చివరగా వచ్చింది. సిరిసిల్లలో నేత కుటుంబం. భర్త సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు, ఈమె ఇంట్లో నూలు కండెలు చుట్టేది. భర్త ఆ జబ్బుతోనే పోయాడు కానీ, ఊళ్లో కామెర్లని చెప్పారు. తనకూ ఉందని తెలిశాక పద్మ ఎవరికీ చెప్పకుండా మంచిర్యాల వచ్చేసింది. కూతురు కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతోంది. అమ్మ ఏదో బడిలో వంటమనిషిగా ఉందనుకుంటోంది. ఈ సంగతంతా పద్మ ఒక ఆదివారం నాకొక్కదానికే చెప్పింది.

నేను ఆ ఆడవాళ్ల కథలు ఒక నోటు పుస్తకంలో రాసేదాన్ని. ఎవరి పేరున ఏం ప్రార్థించాలో తెలియాలని జయరాజ్ అన్న రాయమన్నాడు. పద్మది కూడా రాసుకోనా అని అడిగాను.

"ప్రార్థనకైతే రాసుకో అక్కా. మల్ల బయటికైతే పోదు కదా" అంది.

పోదని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను.

మరుసటి ఆదివారం జయరాజ్ అన్న ఆ పుస్తకం కావాలన్నాడు. వచ్చే నెలలో సువార్త కూటాలున్నాయి, ముందుగా ఉపవాసముండి ఒక్కొక్కరి పేరున ప్రార్థించాలి అన్నాడు. పుస్తకం ఇంట్లో ఉంది. వచ్చే వారం తెస్తానన్నాను. నేను చెప్పదలచుకున్నది ఆ మధ్య వారంలో జరిగింది.

మంగళవారం పొద్దున బడికి పోవడానికి నస్పూర్‌లో షేర్ ఆటో ఎక్కాను. ఆ రోజు వెనక సీట్లో నేనొక్కదాన్నే. డ్రైవర్ నడివయసు మనిషి, నాకు పరిచయం లేదు. దిగేటప్పుడు, నా వైపు తిరక్కుండా, మామూలు గొంతుతో, "ఆమె ముచ్చట ఆమె కాడనే ఉండనియ్యి" అన్నాడు.

ఏంటన్నా అన్నాను. అతను నా వైపు చూసి, "ఏంది మేడం?" అన్నాడు. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడేమో అనుకున్నాను. చెవిలో ఏమీ లేదు. ఫోన్ హ్యాండిల్ పక్కన ఆరిపోయి ఉంది. సాయంత్రానికి మరిచిపోయాను.

గురువారం ఆసిఫాబాద్ వెళ్లాను. మా చెల్లెలి అత్తగారి ఊరు అదే. చెల్లికి కాన్పయింది, ఆడపిల్ల. ఆసుపత్రిలో మూడు రోజులు తోడుండాలని సెలవు పెట్టాను. బస్సు దిగగానే బస్టాండ్ ముందు సీతాఫలాలు అమ్మే ఒకామె కనిపించింది. పండ్లు ఏరుతూ కూర్చున్నాను. ఆమె గంప సర్దుకుంటూ, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా, అదే మాట అంది. ఒక్క అక్షరం తేడా లేదు. "ఆమె ముచ్చట ఆమె కాడనే ఉండనియ్యి."

ఈసారి నేను వదల్లేదు. ఎవరి ముచ్చట అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"పండ్ల ముచ్చట తప్ప నేనేం మాట్లాడలే అవ్వా. ఎండ తాకిందా ఏంది, జర నీడకు కూసో."

అక్కడే నీడలో కూర్చున్నాను కూడా. ఎండ దెబ్బేమీ కాదు. నన్ను ఎవరో ఆట పట్టిస్తున్నారా అని ఆలోచించాను. పద్మ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. పుస్తకం మా ఇంట్లో బీరువాలో ఉంది. నస్పూర్ ఆటో డ్రైవర్‌కూ, ఆసిఫాబాద్‌లో పండ్లమ్మే మనిషికీ ఏం సంబంధం?

శనివారం పగలు పదకొండు గంటలప్పుడు, ఆసుపత్రి వార్డులో మూడోది జరిగింది. మా చెల్లి పక్క మంచం మీద ఒక గోండు అమ్మాయి ఉంది. కోడలి కాన్పు కోసం వచ్చిన ముసలమ్మ కింద చాప మీద కూర్చునేది. నుదుటి మీద పచ్చబొట్లు, చేతులకు వెండి కడియాలు. రెండు రోజులుగా మేం ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే తప్ప మాట్లాడుకోలేదు. నేను పసిదాని బట్టలు మడత పెడుతుంటే ఆమె లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఏమీ కాదు. నాడి చూసినట్టు పట్టుకుంది.

"ఆమె ముచ్చట ఆమె కాడనే ఉండనియ్యి బిడ్డా" అంది.

ఆ 'బిడ్డా' ఒక్కటే ఎక్కువ.

ఆమె కొడుకు అప్పుడే మందులతో లోపలికి వచ్చాడు. మీ అమ్మ ఇలా ఎందుకన్నదని అతన్ని అడిగాను. అతను తికమకపడ్డాడు.

"మా అవ్వకు తెలుగు రాదు మేడం. గోండీ, జర మరాఠీ వస్తది. గంతే."

అతను తల్లిని గోండీలో అడిగాడు. ఆమె ఏదో చెప్పింది. మంచినీళ్లు అడిగిందట. నేను మా చెల్లి వైపు తిరిగాను. దాని ముఖం పాలిపోయి ఉంది.

"తెలుగులనే అన్నది అక్కా. నేను గూడ విన్న. ఎవల ముచ్చట అది?"

ఇప్పటికీ మా చెల్లి ఇదే చెప్తుంది. అది లేకపోతే నేనిది రాసేదాన్ని కాదు.

ఆ సాయంత్రం ఇల్లు చేరి, భయంతో నేను మొదట చేసిన పని జయరాజ్ అన్నకు ఫోన్ చేయడం. జరిగిందంతా చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నా, పిచ్చి అనుకుంటారన్నా అని కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు పరేషాన్ కాకు చెల్లె. సైతాను అడ్డం పడుతుండు. గిట్ల ముగ్గుర్ని పంపిండంటే, గా సాక్ష్యంల ఎంత బలమున్నదో నువ్వే సూడు" అన్నాడు. దేవుడు ఒకరి బతుకులో చేసినదాన్ని నలుగురి ముందు చెప్పడాన్ని మావాళ్లు సాక్ష్యం అంటారు.

పద్మకు నేను మాటిచ్చానని చెప్పాను.

"నా కాన్నుంచి బయటికెట్ల పోతది? నా మీద నమ్మకం లేదా?"

ఆయన మీద నమ్మకం లేకపోవడమనేది నాకు తెలియని విషయం. ఆదివారం పుస్తకం ఇచ్చాను. ఇచ్చాక మనసు కుదుటపడింది కూడా. అది దాచడం ఇష్టం లేదు.

కూటాలకు నేను వెళ్లలేదు, పరీక్షల పని ఉండింది. అవి అయిన మూడో రోజు స్టాఫ్ రూంలో ఒక టీచర్ తన ఫోన్ నా ముందు పెట్టి, "ఈయన మీ చర్చి ఆయనే కదా" అంది.

వేదిక మీద జయరాజ్ అన్న. వెనక పెద్ద తెర మీద పద్మ ఫోటో. మేం చీరలు పంచిన రోజు తీసింది, ఆమె నవ్వుతూ ఉంది. ఆయన చేతిలో నా పుస్తకం. పేరు, ఊరు, వాడ, భర్త దేనితో పోయాడో, కూతురు ఏ ఊళ్లో ఏం చదువుతోందో, అన్నీ చదువుతున్నాడు. అవి నా వాక్యాలు. ఎక్కడ ఆగి ఎక్కడ మొదలుపెట్టానో కూడా అలాగే ఉంది. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆయన నా సంగతి ఎత్తుకున్నాడు. పేరు చెప్పలేదు కానీ, మా సంఘంలో ఒక టీచరమ్మ అన్నాడు. ఈ సాక్ష్యం ఆపమని సైతాను ఆమెకు మూడుసార్లు కనిపించాడన్నాడు. తన కథలో ఆటో డ్రైవర్‌ను మంత్రగాడిగా మార్చాడు. ముసలమ్మ కళ్లు ఎర్రగా మండాయన్నాడు. నా మణికట్టు పట్టుకున్న ఆ ముసలమ్మ కళ్లు నాకు గుర్తున్నాయి. ఒకదానికి శుక్లం ఉంది, రెండోది ఎప్పుడూ నీరు కారేది.

బడి నుంచి నేరుగా ఆ ఇంటికి వెళ్లాను. పద్మకు అప్పటికే తెలిసింది. సిరిసిల్లలో ఆమె మరిది ఫోన్‌కు వీడియో పోయింది, అక్కడి నుంచి కూతురికి చేరింది. పద్మ సంచి సర్దుకుంటోంది. నేను పిలిస్తే తలెత్తలేదు. మిగతా అయిదుగురు నన్ను చూసి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. వాళ్ల కథలు కూడా ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

గుమ్మం దాటేటప్పుడు పద్మ ఒక్క మాట అంది. "నా బిడ్డ ఫోన్ల ఏడుస్తలేదక్కా. ఏం మాట్లాడుతలేదు. ఏడ్సినా బాగుండు."

జయరాజ్ అన్నను చర్చి వెనక వరండాలో పట్టుకుని అడిగాను. ఆయనకు కోపం రాలేదు. బాధపడుతున్న చిన్నపిల్లను చూసినట్టు చూశాడు.

"దేవుని మహిమ కోసమే కదా చెల్లె. గది విని ఎందరు కండ్లనీళ్లు పెట్టుకున్నరో నీకు తెల్వది" అన్నాడు.

నేను ఎవరికీ చెప్పొద్దన్నది కూడా చెప్పావు కదా అన్నాను. అది తన సేవకు దొరికిన గొప్ప సాక్ష్యం అన్నాడు. సంఘ పెద్దలు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, క్షమించమని నాకు చెప్పారు. ఆయనకు ఏమీ చెప్పలేదు. వారం తర్వాత వీడియో తీసేశారు. అప్పటికి అది ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరికి తెలుసు. నేను ఆ చర్చికి వెళ్లడం మానేశాను. మరో చర్చిలో వెనక వరసలో కూర్చుంటున్నాను.

ఆటో డ్రైవర్‌ను వెతికి పట్టుకున్నాను. మంచివాడు, గుర్తు తెచ్చుకోవడానికి నిజంగా ప్రయత్నించాడు. నేను ఎక్కింది కూడా అతనికి గుర్తు లేదు. ఆసిఫాబాద్‌లో సీతాఫలాలామె తను ఏమీ అనలేదనే చెప్పింది. గోండు కుటుంబం ఊరు పేరు నేను అడగలేదు.

ఎనిమిది నెలలకు పద్మ జాడ తెలిసింది. ఆ అయిదుగురిలో ఒకామె జాలిపడి చెప్పింది. కరీంనగర్‌లో ఒక గది తీసుకుని బట్టలు కుడుతోంది. కూతురు హాస్టల్ వదిలేసి తల్లి దగ్గరికి వచ్చింది, చదువు మానలేదు. నేను వెళ్లేసరికి కూతురు కాలేజీకి పోయి ఉంది. పద్మ నన్ను కూర్చోమంది. చిక్కిపోయింది, కానీ గొంతు గట్టిగానే ఉంది.

క్షమించమని అడిగాను. ఆమె మిషన్ ముందు కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. అప్పుడు ఆ ముగ్గురి సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. బహుశా తప్పు నా ఒక్కదానిదే కాదనిపించుకోవాలని కావచ్చు. ఆమె మిషన్ ఆపి, చివరిదాకా విన్నది.

"ముగ్గురు జెప్పినా ఇచ్చినవా?" అంది.

ఇచ్చానన్నాను.

"నాకు ఒక్కలు జెప్పినా గా రోజే సంచి పట్టుకొని పోదును గదక్కా. ఆగమయ్యేది నా బతుకైతే, నీకెందుకు జెప్పిన్రు? నాకెందుకు జెప్పలే?"

తిరుగు బస్సులో దారంతా నేను అదే ఆలోచించాను. ఆ మాట దేవుడే పంపాడంటే, ఎవరి బతుకుకు ముప్పు వచ్చిందో ఆమెను వదిలి, మాట వినని నా దగ్గరికి పంపాడు. జయరాజ్ అన్న చెప్పినట్టు సైతాను పంపిందే అయితే, ఆ వారమంతా పద్మ మేలు కోరింది సైతాను ఒక్కడే. దయ్యాలంటారా, నేను ఇప్పటికీ నమ్మను. ఈ మూడింటిలో ఏది రాసినా లెక్క తప్పుతోంది.