తగ్గించిన అన్నం

మా కూలీల లైన్లో ఎవరికీ తల్లి దగ్గర లేదు. తల్లులందరూ సముద్రానికి అవతలే ఉండిపోయారు. మేం కూలికి వచ్చిన లంబాసా దగ్గరి చెరకు తోటలో కడుపుతో ఉన్న మనిషికి మంచీ చెడూ చెప్పడానికి ఉన్నది ఇద్దరే. ఒకామె మా ఓడ అక్క. మద్రాసులో మాతోపాటు ఒకే ఓడ ఎక్కింది కనుక అక్క అయింది. అప్పటికి ఆమెకు పాలు తాగే పిల్ల ఉంది. రెండో ఆమె విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన మంత్రసాని.

ఎనిమిదో నెల దాటాక మంత్రసాని నా భార్య కడుపు నొక్కి చూసింది.

"ఇదేటమ్మా ఇంత పెద్దగుంది! దొడ్డ పిల్లడు. తలకాయ సూడు, గుమ్మడికాయలా తగుల్తంది."

"తండ్రి తలే అయ్యుంటది. అన్ని పుస్తకాలు పట్టిన తల గదా," అంది ఓడ అక్క.

నా భార్య వాళ్ళతోపాటు నవ్వింది. వాళ్ళు వెళ్ళాక పొయ్యి ముందు కూర్చుని, "తల పట్టకపోతే ఏం చెయ్యాలయ్యా?" అని అడిగింది. ఓడలో ఒకామె, బిడ్డ బయటికి రాక, రెండు రోజులు అరిచింది. తరువాత అరుపులు ఆగాయి. ఆమెను గుడ్డలో చుట్టి సముద్రంలోకి జారవిడవడం మేమిద్దరం చూశాం. నా భార్య అడిగింది ఆ సంగతే. తోట ఆసుపత్రికి పోదామంటే ఒప్పుకోలేదు. అక్కడ కత్తితో కోస్తారని లైన్లో అందరూ చెప్పుకునేవారు. నేను గట్టిగా పట్టుబట్టనూ లేదు.

మంత్రసాని ఉపాయం చెప్పింది. అన్నం సగానికి తగ్గించాలి. తల్లి తిన్నకొద్దీ బిడ్డ పెరుగుతుంది, తల్లి తగ్గిస్తే బిడ్డ సన్నబడి సులువుగా జారి వస్తుంది. ఆమె తల్లీ, అమ్మమ్మా అలాగే చెప్పేవారట.

నా భార్యకు నమ్మకం కుదరలేదు. "నీ పుస్తకంలో ఏముందో చూడు," అంది.

నా పెట్టెలో ఇంటివైద్యం పుస్తకం ఒకటి ఉండేది. చూశాను. నెలలు నిండేవేళ గర్భిణి మితంగా తినాలని అందులో ఉంది. పైకి చదివాను. చదువుకున్నవాడి గొంతుతో, తడబడకుండా చదివాను. ఆ పుస్తకం రాసినవాడి ఎదుట ఉన్నది నెయ్యి పోసుకుని తిని, మధ్యాహ్నం పడుకునే ఆడవాళ్ళు. పొద్దున్నే పార భుజాన వేసుకుని చెరకు వరసల్లో గడ్డి చెక్కేవాళ్ళు కారు. ఆ తేడా నాకు తట్టలేదు. పదేళ్ళ పిల్లవాడికైనా తట్టేది.

మరునాటి నుంచి ఆమె సగం తిన్నది. పూట పూటకూ ముద్దలు లెక్కపెట్టుకునేది. రాత్రి మిగిలిన అన్నం నా కంచంలోకి తోసేది. నేను తిన్నాను. ఆ సంగతి కూడా రాయాలి.

తొమ్మిదో నెలలో పని తగ్గించమని మా మేస్త్రీ సర్దారును అడిగాను.

"ఆధా నహీ. పూరా టాస్కు," అన్నాడు, రోజు పని మొత్తం చెయ్యాల్సిందేనని. "పని చేస్తే పిల్ల తొందరగా వస్తది భాయ్. కులంబరు కూడా అదే అంటాడు."

కులంబరు అంటే మా తెల్ల ఓవర్సీరు. మంత్రసాని, సర్దారు, కులంబరు, పుస్తకం, నేను. అయిదుగురం ఒకే మాట మీద నిలబడ్డాం. అంతవరకు మేం దేనిమీదా ఒక మాట మీద లేము.

నొప్పులు తెల్లవారుజామున మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి ఆడపిల్ల పుట్టింది. నా రెండు అరచేతుల్లో ఇమిడింది. తల చిన్న కొబ్బరికాయంత కూడా లేదు. అంత పెద్దగా కనిపించిన కడుపులో ఉన్నది చాలావరకు నీళ్ళే. గది నేలంతా తడిసిపోయింది. దాని వెనక నెత్తురు వచ్చింది, ఆగలేదు. నా భార్య పెదవులు తెల్లబడ్డాయి. గంజి నోట పోస్తే మింగే ఓపిక లేదు. మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

ఆ తరువాత పిల్లకు ఓడ అక్కే పాలిచ్చేది. మంత్రసాని రోజూ నీళ్ళు పోయడానికి వచ్చేది. ఒకరోజు గుమ్మంలో కాళ్ళు చాపుకుని, పిల్లను వాటిమీద బోర్లా పడుకోబెట్టి, ఓడ అక్కతో అంటోంది:

"పురుడు మాత్రం ఎంత సులువుగా అయిందే! అన్నం తగ్గించింది గనక. పున్నాత్మురాలు, కష్టపడలేదు."

నేను ఎవరిమీదా అరిచే మనిషిని కాను. ఆ రోజు అరిచాను.

"ఆకలితో చచ్చిపోయింది! ఆకలితో పార పట్టించి చంపాం! సులువంటావేమే?"

ఆమె చెయ్యి ఆగింది. ముసలి ముఖం ఎత్తి నా వైపు చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"మాయమ్మ సెప్పింది నాను సెప్పాను బాబూ. నాకు అచ్చరం ముక్క రాదు. నీకొచ్చు గదా. నువ్వూ సూసి అదే సెప్తివి."

ఆమె మళ్ళీ చెంబు ముంచింది. పిల్ల గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది.

"ఆకలేస్తన్నట్టుంది," అంది మంత్రసాని. "పాలు ఎక్కువ పట్టకండి. ఇంతే పొట్ట, సిన్నది."

ఆమె కాళ్ళ మీదనుంచి పిల్లను తీసుకున్నాను. ఒళ్ళంతా ఇంకా తడిగానే ఉంది. ఓడ అక్క చేతుల్లో పెట్టి, "చాలని అదే వదిలేదాకా పట్టు అక్కా. నువ్వు ఆపకు," అన్నాను.